కుక్కుటేశ్వరరావుగారు వంక పెట్టని బండి

కుక్కుటేశ్వరరావుగారు వంక పెట్టలేని వస్తువు ఇంతవరకు కువైట్‌లో దిగుమతి కాలేదు. విమానంలో వచ్చిన మామిడిపండుకి వంక పెట్టారు. ఓడలో వచ్చిన బియ్యానికి వంక పెట్టారు. ఎవరూ దిగుమతి చేసుకోనక్కర్లేని ఎండకి కూడా వంక పెట్టారు. "ఎండంటే మా పిఠాపురం ఎండండీ. పొద్దున్న ఒక రుచి, మధ్యాహ్నం ఒక రుచి. ఇక్కడిదేంటి, తెల్లారిందగ్గర్నుంచి పొద్దుగూకేదాకా ఒకటే కూర" అంటారు.

మనిషి ఆరడుగుల పైమాటే. యాభై దాటినా నిటారుగా నడుస్తారు. ఆస్పత్రి సామాన్లు అమ్మే ఒక కంపెనీలో గోడౌన్ చూసుకుంటారు. వచ్చిన ప్రతి పెట్టెనీ విప్పి, ఏదో ఒక లోపం పట్టి, వెనక్కి పంపడమే ఆయన ఉద్యోగం. జబ్బుకి మందివ్వాల్సింది పోయి జీతమిచ్చి పెంచుతున్నారని బుజ్జిబాబు అభిప్రాయం.

బుజ్జిబాబుది కోనసీమ, అంబాజీపేట దగ్గర. సాల్మియాలో ఒక మాల్‌లో కళ్లద్దాల కొట్టులో పనిచేస్తాడు. భార్య వెంకటదుర్గ నర్సు. బ్నీద్ అల్ గార్‌లో వీళ్లిద్దరూ తీసుకున్న ఫ్లాట్‌లో ఒక గది కుక్కుటేశ్వరరావుగారిది. ఆయన భార్య చిట్టెమ్మగారు పిఠాపురంలోనే ఉండిపోవడం వల్ల భోజనం కూడా వీళ్లతోనే. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరూ ఆయన్ని బాబాయ్‌గారూ అని పిలుస్తారు.

అసలీ ఫ్లాట్ వీళ్లకి రెండో ఎంపిక. మొదట చూసింది సాల్మియాలో, ఎనిమిదో అంతస్తు, సముద్రానికి ఎదురుగా. బుజ్జిబాబు బాల్కనీలోకి పరిగెత్తాడు. దుర్గ ద్వారబంధం పట్టుకుని నిలబడి, "బాగుందండీ" అంది. బిల్డింగు చూసుకునే ఈజిప్టు మనిషి తాళాలు ఆడిస్తూ నవ్వాడు. అన్నీ కుదిరాయనుకుంటుండగా కుక్కుటేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు.

"సముద్రం మరీ దగ్గరగా ఉంది" అన్నారు.

"దగ్గరుండాలనే కదండీ వచ్చాం!"

"దగ్గరుంటే సరిపోయిందా? రాత్రీ పగలూ మనవైపే చూస్తా ఉంటది. లుంగీ కట్టుకుని తిరగాలంటే నాకు మొహమాటం."

సముద్రం ముందు మొహమాటపడే మనిషిని ఆ ఈజిప్టువాడు ముందెన్నడూ చూసి ఉండడు. "ఖలాస్?" అన్నాడు, ఇక వద్దనుకున్నట్టేనా అని. "ఖలాస్" అన్నారు కుక్కుటేశ్వరరావుగారు. ఇప్పుడు వీళ్లుంటున్నది కింది అంతస్తు. కిటికీ తీస్తే మున్సిపాలిటీ చెత్తడబ్బా. దాని ముందు మాత్రం ఆయనకి ఏ మొహమాటమూ లేదు.

అలాంటి మనిషి చేతిలో బుజ్జిబాబు జీవితాశయం పడింది. అది మోటార్‌సైకిలు. మామూలుది కాదు. రోడ్డు మీద మర్యాదగా వెళ్లి, ఎడారి రాగానే ఇసుకలోకి దూకి, మళ్లీ మర్యాదగా ఇంటికి రావాల్సిన బండి. శుక్రవారాలు తెలుగు కుర్రాళ్లు కొందరు అలాంటి బండ్ల మీద ఎడారికి వెళ్లి, మీసాల దాకా దుమ్ము కొట్టుకుని, మాల్‌కి వచ్చి చల్లగా జ్యూస్ తాగుతుంటారు. కళ్లద్దాల కొట్టులోంచి వాళ్లని చూసీ చూసీ బుజ్జిబాబుకి ఆ దుమ్ము మీద మనసైంది. లైసెన్సు తెచ్చుకున్నాడు. హెల్మెట్ కొన్నాడు. రాత్రి అన్నం తిన్నాక ఆ హెల్మెట్ పెట్టుకుని టీవీ చూసేవాడు.

ఆ గుంపుకి పెద్ద సూర్యకిరణ్ అని ఒక ఇంజినీరు. మంచివాడే గాని, ఇసుకలో ఎవరు పడ్డా వీడియో తీసి, దానికి సంగీతం కలిపి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటుంది. ఒకసారి పడ్డవాడు ఏడాదంతా పడుతూనే ఉంటాడు. "మార్చిలో చివరి రైడ్ బ్రో. ఆ తర్వాత ఎండలు. వస్తే అప్పటికి బండితో రా" అన్నాడు. బుజ్జిబాబు ఊళ్లో తమ్ముడికి, కొట్టులో తోటివాళ్లకి, ఆఖరికి కళ్లద్దాలు కొనడానికి వచ్చినవాళ్లకి కూడా ఆ రైడ్ గురించి చెప్పేశాడు. ఇక వెళ్లకపోతే మొహం చెల్లదు.

దుర్గకి మాత్రం బండంటే ఇష్టం లేదు. అత్యవసర విభాగంలో పనిచేసే మనిషి, బండ్లు మనుషుల్ని ఏం చేస్తాయో రోజూ కట్టు కట్టి మరీ చూస్తుంది. కానీ మొగుడి హెల్మెట్ మొహం చూసి వద్దనలేకపోయింది. "బాబాయ్‌గారు సరే అంటే కొనుక్కోండి" అని చెప్పి, బెండకాయలు తరుక్కోవడానికి ప్రశాంతంగా వంటింట్లోకి వెళ్లిపోయింది. వద్దనడంలో ఇంతకంటే గట్టి పద్ధతి లేదని బుజ్జిబాబుకి అప్పుడే అర్థమైంది.

ఇక్కడ బుజ్జిబాబు గురించి ఒక మాట చెప్పాలి. అతను పేరుకి తగ్గ మనిషి. పొట్టివాడన్న మాట ఎవరూ పైకి అనకూడదు, అంటే ఆ పూట అన్నం సయించదు. అతని బూట్లకి అడుగున మూడు పొరల సోలుంటుంది. ఎవరైనా అడిగితే, "మాల్‌లో నేల బాగా చల్లగా ఉంటదండి, కాళ్లు లాగేస్తాయి" అంటాడు. అందరూ సరే అని ఊరుకుంటారు.

బండ్ల వేట మిష్రిఫ్‌లో మొదలైంది. ఒక కువైటీ కుర్రాడు విల్లా ముందు తన పందెపు బండి నిలబెట్టి అమ్మకానికి చూపించాడు. పొడవాటి కాళ్లు, సన్నటి నడుము, ముందు దీపం లేదు, వెనక దీపం లేదు, హారన్ లేదు. పందేనికి పుట్టిన బండికి అవన్నీ దండగ. షువైఖ్‌లో గరాజ్ నడిపే కడప హారూన్ చేత అవి పెట్టించుకోవచ్చని బుజ్జిబాబు ధీమా. హ్యాండిల్ పట్టుకుని, కాలెత్తి, ఎక్కబోయాడు.

"ఆగు!" అన్నారు కుక్కుటేశ్వరరావుగారు.

కాలు గాల్లో ఆగింది.

"దీని మొహం చూశావా? ఎవరితోనో తగువాడి సరాసరి ఇటే వచ్చినట్టుంది."

"మొహమేంటండీ? దీపం లేదు గనక అలా ఉంది. హారూన్ దీపం పెడతాడండి."

"పెడితే? కళ్లెర్రజేసి మరీ తగువాడుద్ది. వద్దు."

కువైటీ కుర్రాడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "షినో ముష్కిలా?" అన్నాడు. ఏమిటి ఇబ్బంది అని. బండి మొహం బాగాలేదన్న మాటని అరబ్బీలోకి ఎలా మార్చాలో తెలియక, బుజ్జిబాబు నవ్వి, సలాం చెప్పి, కారెక్కాడు.

తర్వాతి శుక్రవారం ఫహాహీల్‌లో ఒక మలయాళీ దగ్గర పాత పొగబండి చూశారు. పెట్రోల్లో నూనె కలిపి పోయాలి, వెనకనుంచి నీలంగా పొగొస్తుంది. ఇదీ ఎత్తయిన బండే. స్టార్ట్ చేసి చూపించాక బుజ్జిబాబు ఉత్సాహంగా కాలెత్తాడు.

"ఆగు!"

"ఇప్పుడేంటండీ బాబూ?"

"మా మేనమామ చుట్ట వాసన. ఆయన పోయాక ఇన్నాళ్లకి మళ్లీ ఇక్కడ తగిలింది. పోయినాయన మీద ఎక్కి కూర్చుంటావా?"

బుజ్జిబాబు ఆ మేనమామని చూడను కూడా చూడలేదు. అయినా కాలు దించేశాడు.

ఆ తర్వాతివాటికి ఒకదాని చక్రంలో పుల్లలు ఎక్కువున్నాయన్నారు. ఒకదాని హ్యాండిల్ పట్టుకుంటే ఎవరికో లొంగిపోయినట్టుందన్నారు. మరొకదాన్ని అమ్మేవాడు టీ ఇవ్వలేదని వద్దన్నారు. ఇంకొకడు టీ ఇస్తే, బండిలో ఏదో లోపం లేకపోతే టీ ఎందుకిస్తాడని అనుమానించారు. చిత్రమేమిటంటే, ఆయన వంక ఎప్పుడూ బండి చూసినప్పుడు పుట్టదు. దాని చుట్టూ తిరుగుతారు, టైర్లు నొక్కుతారు, ఇంజన్ చప్పుడు వింటారు, ఒక్క మాటా అనరు. బుజ్జిబాబు కాలెత్తగానే "ఆగు!" అంటారు. ఇన్ని వారాల్లో బుజ్జిబాబు ఒక్క బండి మీద కూడా కూర్చోలేదు.

అన్నిటికంటే ఘోరం షువైఖ్‌లో జరిగింది. నారింజ రంగు బండి, చూస్తే కళ్లు చెదిరేలా ఉంది. దీపాలకి వైరింగ్ కూడా సిద్ధంగా ఉంది. అది చూడటానికి సూర్యకిరణ్ తన గుంపుతో సహా వచ్చాడు. "ఎక్కు బ్రో, ఫోటో తీస్తా" అని ఫోన్ పైకెత్తాడు. బుజ్జిబాబు కాలెత్తాడు.

"ఆగు! ఈ రంగు చూస్తే నాకు దాహమేస్తంది" అన్నారు కుక్కుటేశ్వరరావుగారు, వీధి చివరిదాకా వినపడేలా.

గుంపంతా పగలబడి నవ్వింది. "బాబాయ్‌గారు మామూలోరు కాదు" అంటూ సూర్యకిరణ్ ఫోన్ ఆయన వైపు తిప్పాడు. ఆయన దానికేసి చూస్తూ, ఏయే రంగులకి ఎంతెంత దాహమేస్తుందో తాపీగా వివరించారు. సాయంత్రానికి ఆ వీడియో సంగీతంతో సహా గ్రూపులో వచ్చేసింది.

ఇంటికొచ్చాక బుజ్జిబాబు ఓపిక అయిపోయింది.

"నాకు తెలుసండి. మీరూ దుర్గా కలిసే ఇదంతా చేస్తన్నారు. ఆవిడ వద్దనలేక మీ చేత అనిపిస్తంది."

"నేనేమీ అనిపించలేదు!" అంది వంటింట్లోంచి దుర్గ.

"వచ్చే శుక్రవారమే చివరి రైడండీ. నవ్వులపాలైపోతాను. ఒక్కసారి, ఒక్క బండికి సరే అనండి. ఏం పోద్ది మీది?"

కుక్కుటేశ్వరరావుగారు టీ గ్లాసులోకి చూశారు. ఏదో చెప్పబోయినట్టే పెదవి కదిలింది. "అల్లం తొక్క తీయలేదనుకుంటా" అని, గ్లాసు పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయారు. బుజ్జిబాబు నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ కూరల్లో ఉప్పు గురించి వంక కూడా వినపడలేదు. ఇల్లు బోసిపోయినట్టుందని దుర్గ అంది.

గురువారం మధ్యాహ్నం కొట్టులో సెలవడిగి, బుజ్జిబాబు ఒక్కడే షువైఖ్ వెళ్లాడు. నారింజ బండి ఇంకా అక్కడే ఉంది. యజమానికి ఫోన్ చేసి, వెనక ఖాళీ స్థలంలో ఒక చుట్టు తిప్పి చూస్తానన్నాడు. పాకిస్తానీ వాచ్‌మన్ తాళం తెచ్చిచ్చాడు. "ఆగు" అనేవాడు ఎవరూ లేరు. పక్కనే సిమెంటు దిమ్మ ఒకటుంటే దాని మీద నిలబడి, దర్జాగా కాలెత్తి, ఎక్కేశాడు.

బండి గాలిలా వెళ్లింది. ఒక చుట్టు తిరిగాడు. ఇన్నాళ్లూ ఈ ఆనందానికి అడ్డుపడిన మనిషిని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ రెండో చుట్టు తిరిగాడు. తర్వాత బండి ఆపి, ఎడమ కాలు కిందికి చాపాడు.

కాలు వెళ్తోంది. ఇంకా వెళ్తోంది. నేల మాత్రం రావడం లేదు. మూడు పొరల సోలు కూడా చాలలేదు. బండి మొదట ఆలోచించింది, తర్వాత నెమ్మదిగా ఒరిగింది, ఆ తర్వాత అతన్ని పక్కన పెట్టుకుని ఇసుకలో పడుకుంది.

దెబ్బేమీ తగల్లేదు. వాచ్‌మన్ వచ్చి, "కోయీ బాత్ నహీ, భాయ్" అని బండి పైకెత్తి, నవ్వు కనపడకుండా అటు తిరిగాడు. బుజ్జిబాబు మాత్రం లేవలేదు. వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. మిష్రిఫ్ బండి ఎత్తు గుర్తొచ్చింది. పొగబండి ఎత్తు గుర్తొచ్చింది. ప్రతిసారీ తను కాలెత్తినప్పుడే వినపడిన "ఆగు" గుర్తొచ్చింది. సూర్యకిరణ్ ఫోన్ పైకెత్తడం, దాహం మాట రాగానే ఆ ఫోన్ ఆయన వైపు తిరగడం గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన లేకపోతే గ్రూపులో పాట తన మీద కట్టేవారు. ఆయనేమో పిచ్చివాడనిపించుకుని, ఇతని ఎత్తు మాట పైకి రానివ్వకుండా కాపాడారు. బుజ్జిబాబుకి సిగ్గేసింది. ఆ నాలుగు రోజుల మౌనం గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

ఒళ్లు దులుపుకుని, పక్కవీధిలో ఉన్న హారూన్ గరాజ్‌కి నడిచాడు. బండ్లని కాస్త కిందికి దించడం కుదురుతుందా అని, ఎవరో స్నేహితుడి కోసమన్నట్టు అడుగుదామనుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లేసరికి లోపల్నుంచి హారూన్ గొంతు వినపడింది.

"సామీ, ఇప్పటికే మీ మోకాళ్లు గెడ్డానికి తగుల్తాండాయి. ఇంగా దించాల్నా?"

"దించు. నాకు నడుం నొప్పి. ఎత్తు ఎక్కలేను."

"సీటు లోపల స్పాంజి కోసేసినా. వెనక స్ప్రింగు కాడ లింకు మార్చినా. ముందర గొట్టాలు పైకి జరిపినా. స్టాండు గూడా పొట్టి చేసినా. ఇంగ దీన్ని దించాలంటే నేల తవ్వాల సామీ!"

బుజ్జిబాబు లోపలికి తొంగిచూశాడు. ఎర్రటి చిన్న బండి. పాతదే గాని గట్టిది. కొత్తలో రోడ్డు మీద తిరిగిందే, ఎవరో ఇసుకలో ఆడుకోవడానికి దాని దీపాలూ అద్దాలూ పీకేస్తే, హారూన్ వాటన్నిటినీ మళ్లీ బిగించాడు. హారన్ ఉంది, పక్కదీపాలున్నాయి, ఇసుకకీ రోడ్డుకీ పనికొచ్చే టైర్లున్నాయి. కాగితాలు సరిగ్గా ఉన్నాయి. దాని మీద ఆరడుగుల కుక్కుటేశ్వరరావుగారు, మోకాళ్లు చెవుల దాకా ముడుచుకుని, పీట మీద భోజనానికి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు.

బుజ్జిబాబుని చూసి ఆయన కొంచెం తడబడ్డారు. వెంటనే సర్దుకున్నారు.

"వచ్చావా. ఇది నాకోసం చూస్తన్నాలే. నువ్వోసారి ఎక్కి చెప్పు, ఎలా ఉందో."

బుజ్జిబాబు దగ్గరికి వెళ్లాడు. కాలెత్తాడు. కాసేపు అలాగే గాల్లో ఉంచాడు, అలవాటు కొద్దీ. ఎవరూ ఏమీ అనలేదు. కూర్చున్నాడు. రెండు పాదాలూ నిండుగా నేలకానాయి. హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, "బాగుందండి" అన్నాడు.

"అయితే నువ్వే కొనుక్కో. ఎప్పుడన్నా నాకూ ఓ చుట్టు ఇద్దువుగాని" అన్నారు ఆయన. బుజ్జిబాబు దాచుకున్న సొమ్ముకి అందే బండే అది.

బుజ్జిబాబు దుర్గకి ఫోన్ చేసి, ఆయన చేతికిచ్చాడు. కుక్కుటేశ్వరరావుగారు గొంతు సవరించుకుని, "అమ్మా, ఈ బండికి నేను సరే అంటన్నాను" అన్నారు.

"ఎవరండీ మాట్లాడేది?" అంది అవతలనుంచి దుర్గ.

ఆ సాయంత్రం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు బుజ్జిబాబు దుర్గకి ఇసుకలో పడుకున్న సంగతి చెప్పేశాడు. విని, దుర్గ తరుగుతున్న కత్తి కింద పెట్టింది.

"ఏవండీ, సాల్మియా ఫ్లాట్ గుర్తుందా? ఎత్తులోంచి కిందికి చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. నర్సుని కదా, చెప్తే నవ్వుతారని ఊరుకున్నాను. అందుకే ద్వారబంధం వదల్లేదు. ఆయన అది చూశారేమో!"

ఉండబట్టలేక ఇద్దరూ చిట్టెమ్మగారికి వీడియో కాల్ చేశారు. ఆవిడ పకపకా నవ్వింది.

"ఇప్పుడా తెలిసింది మీకు? మా పెళ్లిచూపుల్లో నన్ను పాడమన్నారమ్మా. నాకు పాటే రాదు. చెమటలు పట్టి చీర తడిసిపోతంది. ఈయన ఉన్నట్టుండి, కాఫీలో చికోరీ ఎక్కువైందని గొడవెత్తుకున్నారు. మా నాన్న కాదంటారు, ఈయన ఔనంటారు. గంటసేపు కాఫీ మీదే వాదన. పాట సంగతి మర్చిపోయి తాంబూలాలు పుచ్చుకున్నారు. నాకు మాత్రం ఇంతవరకు ఏ వంకా పెట్టలేదు." వెంటనే, "చారు సంగతి వేరనుకో" అంది.

శుక్రవారం రైడ్ జరిగింది. సూర్యకిరణ్ రెండుసార్లు పడ్డాడు, బుజ్జిబాబు ఒక్కసారీ పడలేదు. ఇసుకలో బండి ఒరిగినప్పుడల్లా కాలు చాపితే నేల అక్కడే ఉంది. మధ్యాహ్నానికి కనుబొమల దాకా దుమ్ముతో బ్నీద్ అల్ గార్ చేరేసరికి, గుంపంతా వెనకే వచ్చింది. దుర్గా, కుక్కుటేశ్వరరావుగారూ వీధిలోనే ఎదురుచూస్తున్నారు.

సూర్యకిరణ్ ఎర్రబండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "సీటు బాగా దింపించినట్టున్నావే బ్రో? ఎందుకు?" అన్నాడు. అతని చేయి ఫోన్ వైపు వెళ్తోంది.

కుక్కుటేశ్వరరావుగారు నోరు తెరిచారు. ఈసారి బుజ్జిబాబే ముందు అందుకున్నాడు.

"మా బాబాయ్‌గారి నడుం కోసం దింపించాం బ్రో. పెద్దాయన ఎత్తు ఎక్కలేరు. ఆయన కోసం నేనే మోకాళ్లు ముడుచుకుని అవస్థ పడతన్నాను."

కుక్కుటేశ్వరరావుగారు అతనికేసి చూశారు. బుజ్జిబాబు హెల్మెట్ మీద దుమ్ము తుడుచుకుంటూ తలెత్తలేదు.

"సర్దుకోవాలి మరి. పెద్దోళ్లతో కలిసుంటే ఆమాత్రం ఉంటది" అన్నారు ఆయన.

"అయితే బాబాయ్‌గారు ఒక రౌండ్ వెయ్యాలి!" అని గుంపు గోల పెట్టింది.

ఇక తప్పలేదు. ఆరడుగుల మనిషి లుంగీ మడిచి, బుజ్జిబాబు హెల్మెట్‌ని నెత్తి మీద సగం దాకా దిగేసుకుని, ఆ చిన్న బండెక్కారు. మోకాళ్లు రెండూ చెవుల పక్కకి వచ్చాయి. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా గడ్డానికి ఒకటి తగులుతోంది. చెత్తడబ్బా దాటి, బకాలా కిరాణాకొట్టు దాటి, వీధి చివరిదాకా వెళ్లి, అలాగే వెనక్కి తిరిగొచ్చారు. సూర్యకిరణ్ వీడియో అంతా ఆయనే. దిగడానికి బుజ్జిబాబు ఒక చేయి, దుర్గ ఒక చేయి పట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు నిజంగానే నడుం పట్టేసింది.

"ఎలా ఉందండీ బాబాయ్‌గారూ?" అని అడిగాడు బుజ్జిబాబు.

కుక్కుటేశ్వరరావుగారు నడుం మీద చేయి వేసుకుని బండికేసి ఎగాదిగా చూశారు. అందరూ వంక కోసం ఎదురుచూస్తున్నారు.

"హాయిగా ఉంది. ఏ లోపమూ లేదు" అన్నారు.